శరీరపు నిలకడ, మనసులోని మలుపులు

కొత్త ఊరిలో పటం చూస్తూ నడిచేటప్పుడు కొందరు తాము పోయే దిక్కుకు కాగితాన్నే తిప్పుకుంటారు. మరికొందరు దానిని కదపకుండా మనసులోనే తిప్పి చూసుకుని కుడియెడమలు తేల్చుకుంటారు. ఈ రెండవ శక్తికే శాస్త్రజ్ఞులు ‘మానసిక భ్రమణం’ అని పేరు పెట్టారు. 1971లో అమెరికా శాస్త్రవేత్తలు రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ దీనిని కొలిచి చూపారు. పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు ఒకే ఆకృతివా, కావా చెప్పమన్నప్పుడు, వాటి మధ్య కోణం పెరిగిన కొద్దీ జవాబుకు పట్టే కాలమూ అదే లెక్కన పెరిగింది. మనసు ఆ వస్తువును నిజంగానే తిప్పుతున్నట్టు నడుచుకుంటుందన్నమాట.

దీనికీ, మనం తూలకుండా నిలబడటానికీ సంబంధం ఏమిటి? సమాధానం లోపలి చెవిలో ఉంది. ఒక్కొక్క చెవిలో మూడేసి అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనుకబడి, ఆ కదలికను మెదడుకు తెలియజేస్తుంది. వాటి చెంతనే ఉన్న మరి రెండు భాగాలు తల వంపునూ, భూమ్యాకర్షణ దిశనూ పసిగడతాయి. మనసులో దేనినైనా తిప్పాలంటే ముందు ఏది పైన, ఏది కింద అన్నది తెలియాలి. ఆ ఆధారాన్ని అందించడంలో ఈ అవయవానిది ముఖ్యపాత్ర. ఇది దెబ్బతిన్నవారు ఇటువంటి పరీక్షలలో తడబడటం గమనించారు. రెండు చెవులలోనూ ఈ శక్తి పోయినవారిలో, దారులను గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం సుమారు 17 శాతం కుంచించుకుపోయిందని 2005లో జర్మనీ పరిశోధకులు వెల్లడించారు.

అయితే ఈ చెవి అప్పుడప్పుడూ అబద్ధమూ చెబుతుంది. ఆ అబద్ధం ప్రాణాంతకమయ్యేది ఆకాశంలోనే. మన సరిహద్దుకు చేరువలోని బెంగళూరులో, 1957లో ఏర్పడిన భారత వాయుసేన వైమానిక వైద్య సంస్థ ఈ విషయంలోనూ వైమానికులకు శిక్షణ ఇస్తుంది. రాకేశ్ శర్మ మొదలు గగన్‌యాన్ వ్యోమగాముల వరకు పలువురు అక్కడి పరీక్షలకు నిలిచినవారే.

విమానం ఒకే వేగంతో కొంతసేపు మలుపు తిరిగితే చెవిలోని ద్రవం కూడా ఆ వేగాన్ని అందుకుంటుంది. మలుపు ఆగిపోయినట్టే తోస్తుంది. మేఘాలలో కంటికి నేల ఆనదు. పైలట్ విమానాన్ని సరిచేయగానే అది ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు భ్రమ కలుగుతుంది. ఆ భ్రమను నమ్మితే ప్రమాదమే. అందుకే చెవి మాట పక్కన పెట్టి, ఎదుట ఉన్న పరికరాలను చూసి విమానపు ఒరుగును మనసులో రూపు కట్టుకోవాలి. అక్కడ మానసిక భ్రమణమే ప్రాణరక్షణ.

ఒంటికాలిపై నిలబడటం నేర్చినంత మాత్రాన ఈ నేర్పు దానంతట అదే అబ్బుతుందని ఎవరూ భావించరాదు. కానీ ఇంటిలోని పెద్దలు తరచూ తల తిరుగుతోందన్నా, తెలిసిన దారిలోనే తికమకపడుతున్నా, దానిని వట్టి నీరసమని కొట్టిపారేయకుండా వైద్యునికి చూపించడం మేలు. నిలకడ తప్పినప్పుడు తూలేది కాళ్ళు మాత్రమే కాదు.