ఉమ్మెత్త: నాడీ సందేశానికి అడ్డుకట్ట

వినాయక చవితినాడు దత్తూర పత్రంగా సమర్పించే ఉమ్మెత్త మా రామచంద్రపురం ప్రాంతాన కాలువగట్ల మీద, దిబ్బల మీద తనంతట తానే మొలుస్తుంది. ద్రాక్షారామ భీమేశ్వరుని సన్నిధి చెంత నివసించే మాకు ఇది శివునికి ప్రీతికరమైన పువ్వు. ఆయుర్వేదానికి మాత్రం ఉపవిషం. గురుకులంలో మా గురువుగారు దీని గింజలను గోక్షీరంలో దోలాయంత్ర విధానాన శుద్ధి చేయించనిదే తూకం వేయనిచ్చేవారు కారు.

ఆ కట్టుబాటుకు గల కారణాన్ని ఆధునిక శాస్త్రం చక్కగా విశదపరచింది. నాడి తన ఆజ్ఞను గుండెకు, గ్రంథులకు, ప్రేగులకు అందించవలసివచ్చినప్పుడు కొసన ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనాన్ని విడుస్తుంది. 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగంతో ఈ సంగతి తేలింది. 1936లో ఆయనకూ హెన్రీ డేల్‌కూ నోబెల్ బహుమతి లభించింది. ఆ రసాయనాన్ని అందుకొనే గ్రాహకాలు తాళపుకప్పల వంటివి. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కొపోలమిన్ వాటిలో దూరి కూర్చుంటాయి. తాళం తీయవు, అసలు చెవిని దూరనీయవు. అందుచేతనే ఉమ్మెత్త తిన్నవారికి నోరెండి, కనుపాపలు విప్పారి, చెమట పట్టక ఒళ్లు కాలి, మూత్రం బిగిసి, మతి తప్పుతుంది.

వరిచేల నడుమ బ్రతికే మనకు దీని రెండవ ముఖం మరింత ముఖ్యం. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఎసిటైల్‌కొలీన్‌ను విరిచే ఎంజైమును స్తంభింపజేస్తాయి. అది పోగుపడి చొంగ, కన్నీరు, చెమట పొంగుతాయి. కనుపాప సూదిమొనంత అవుతుంది. ఊపిరితిత్తులు స్రావంతో నిండుతాయి. అప్పుడు ఆసుపత్రిలో ముఖ్యమైన విరుగుడు అట్రోపిన్ ఇంజక్షనే.

ఇది విన్నవారు కొందరు "అయితే ఉమ్మెత్తాకు పసరు పోయవచ్చునా, వైద్యులుగారూ?" అని నన్నడుగుతారు. ఎంతమాత్రం కూడదు. ఆకు ఆకుకూ విషం పాలు మారుతుంది. ఇంజక్షనులో అది కొలిచి ఉంటుంది. పైగా కండరాలలోని గ్రాహకాలు వేరు జాతివి. అక్కడ అట్రోపిన్ పనిచేయదు. శ్వాసకండరాలు చచ్చుబడితే యంత్రంతో ఊపిరి అందించవలసినదే. కనుక చేతులకు తొడుగులు వేసుకొని రోగి తడిబట్టలు విప్పి, ఒంటిని సబ్బునీటితో కడిగి, వాంతి చేయించే ప్రయత్నం మాని, 108కి ఫోను చేయండి. మందు డబ్బాను వెంట తీసుకువెళ్లండి.

ఇక ఇంట్లోని పెద్దల మాట. మగత తెచ్చే కొన్ని జలుబు మాత్రలు, కడుపునొప్పి మాత్రలు కూడా ఈ తాళపుకప్పలనే మూస్తాయి. ఉబ్బసానికి వాడే కనకాసవంలోనూ ఉమ్మెత్త ఉంటుంది. రెండూ కలిస్తే, ప్రోస్టేటు వాచినవారికి మూత్రం నిలిచిపోవచ్చును. కొన్ని రకాల నీటికాసులు ఉన్నవారికి కంటి ఒత్తిడి హఠాత్తుగా పెరగవచ్చును. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, వాడుతున్న మాత్రలూ ఆసవాలూ అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లి చూపండి.