నేల మీద నెట్ బంద్... నింగి నుంచి సిగ్నల్

2024లో ప్రపంచవ్యాప్తంగా 54 దేశాల్లో 296 సార్లు ఇంటర్నెట్ ఆపేశారు. ఏటా ఈ లెక్కలు కట్టే ‘యాక్సెస్ నౌ’ సంస్థ జాబితాలో అప్పటిదాకా అదే అత్యధికం. అందులో 85 మయన్మార్‌వి, 84 మన దేశానివి. అంతకుముందు వరుసగా ఆరేళ్లు మొదటి స్థానం మనదే. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యానికి రాకూడని రికార్డు ఇది. అల్లర్లప్పుడే కాదు, పరీక్షల్లో కాపీ కొట్టకుండా కూడా నెట్ ఆపేస్తున్నారు. 2021 సెప్టెంబరులో రాజస్థాన్ ఉపాధ్యాయ అర్హత పరీక్షకు, 2024 సెప్టెంబరులో అస్సాం ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకు అదే చేశారు. పరీక్ష రాసేవాళ్లు కొందరైతే, నెట్ పోయింది అందరికీ.

నెట్ కోసం రైలెక్కారు

మన దేశంలో చాలాకాలం సాగిన బంద్‌లలో ఒకటి జమ్మూ కశ్మీర్‌ది. 2019 ఆగస్టు 5 తెల్లవారేసరికి ఫోన్లూ నెట్టూ మూగబోయాయి. 2020 జనవరి చివర్లో 2జీ వచ్చింది, అదీ ప్రభుత్వం అనుమతించిన వెబ్‌సైట్లకే. 4జీ మళ్లీ కనిపించింది 2021 ఫిబ్రవరిలో, అంటే ఏడాదిన్నర తర్వాత. ఆ మధ్యకాలంలో లోయలోని కుర్రాళ్లు ఒక దరఖాస్తు పంపాలన్నా శ్రీనగర్‌లో రైలెక్కి, పీర్ పంజాల్ సొరంగం దాటి బనిహాల్‌లో దిగేవారు. అక్కడి నెట్ సెంటర్లలో గంటకు 300 రూపాయల దాకా పలికేది. ఆ రైలుకు ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్రెస్’ అని పేరు పడిపోయింది.

మన కోనసీమ వాళ్లకూ ఇది అనుభవమే. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగాక అధికారులు నెట్ ఆపించారు. కరోనా తర్వాత ఇంటి నుంచే పని చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకు చేరారు. అవతలి ఒడ్డు టవర్ నుంచి రెండు గీతల సిగ్నల్ దొరికినా చాలని చెట్ల నీడన కూర్చుని పని చేశారు. అల్లర్లతో వాళ్లకేం సంబంధం?

ఆఫ్రికాలోని కామెరూన్‌లో ఇంగ్లీషు మాట్లాడే రెండు ప్రాంతాలకు 2017 జనవరి 17 నుంచి 93 రోజులు నెట్ లేదు. బ్వేయా పట్టణంలోని స్టార్టప్ కుర్రాళ్లు ఫ్రెంచి ప్రాంతపు పొలిమేరలోని బొనాకో అనే పల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని, వంతులవారీగా వెళ్లి పని చేసుకున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఇంటర్నెట్ శరణార్థుల శిబిరం’. బమెండా ఊరి టీనేజి కుర్రాడు ఒకడు గూగుల్ నిర్వహించే కోడింగ్ పోటీకి తన పని పంపి గడువు ముగిసిన మర్నాడే అతని ఊళ్లో నెట్ పోయింది. ఆ పోటీలో గెలిచిన తొలి ఆఫ్రికన్ అతనే. బంద్ ఒక్క రోజు ముందు మొదలై ఉంటే అతని పేరు విజేతల జాబితాలో ఉండేది కాదేమో.

టీవీ డిష్‌లో వార్తల మూట

ఉపగ్రహ ఇంటర్నెట్ అనగానే ఇప్పుడందరికీ స్టార్‌లింక్ గుర్తొస్తుంది. నా దృష్టిలో అంతకన్నా తెలివైన పని ఇరాన్ ప్రజల కోసం 2016లో మొదలైన ‘తూషే’. ఇరాన్‌లో ఇంటి మీద ఉపగ్రహ టీవీ డిష్ పెట్టుకోవడం 1990ల నుంచీ నేరమే, అయినా మేడ మేడకీ డిష్ ఉంటుంది. తూషే ఆ డిష్‌నే వాడుకుంది. మామూలు సెట్‌టాప్ బాక్సులో ఒక చానల్ పెడతారు. అందులో సినిమా రాదు, సూచనలు రాసిన తెర మాత్రం కనిపిస్తుంది. బాక్సుకు పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ చానల్‌ను కొన్ని గంటలు రికార్డు చేస్తారు. తర్వాత పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టి ఒక సాఫ్ట్‌వేర్‌తో విప్పితే వీడియో అనుకున్నది కాస్తా వార్తలు, పుస్తకాలు, పాఠాలు, యాప్‌లుగా బయటపడుతుంది. ఇంటి నుంచి ఉపగ్రహానికి సిగ్నల్ ఏదీ వెళ్లదు కాబట్టి ఎవరు దించుకుంటున్నారో పట్టుకోవడం కష్టం. లోపం కూడా అదే. వినగలం, చెప్పలేం. వీధిలో కాల్పులు జరిగితే ఆ సంగతి బయటికి పంపే దారి ఇందులో లేదు.

ఆ దారి స్టార్‌లింక్‌తో తెరుచుకుంది. పాత తరహా ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటే స్టార్‌లింక్‌వి 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి. అందుకే వీడియో కాల్‌లో మాట తడబడదు. ఉపగ్రహాలు ఒకదానికొకటి లేజర్ కిరణాలతో డేటా అందించుకుంటాయి కాబట్టి ఆ దేశంలో గ్రౌండ్ స్టేషన్ లేకపోయినా పని నడుస్తుంది. 2022లో పోలీసుల నిర్బంధంలో మహ్సా అమీనీ అనే యువతి మరణించాక ఇరాన్‌లో నెట్‌ను అణచివేసినప్పుడు డిష్‌లు దొంగదారిన సరిహద్దులు దాటాయి. ఆ డిసెంబరులో స్టార్‌లింక్ అధినేత ఎలాన్ మస్క్ చెప్పిన డిష్‌ల సంఖ్య వందకు దగ్గర. 2025 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం నాటికి అవి వేలల్లోకి చేరాయని వార్తలొచ్చాయి. ప్రభుత్వం ఊరుకోలేదు. అనుమతి లేకుండా స్టార్‌లింక్ వాడితే జైలు అని పార్లమెంటు చట్టం చేసింది. సాంకేతికంగా అడ్డుకునే దారీ ఉంది: డిష్ తానెక్కడుందో తెలుసుకోవడానికి జీపీఎస్ మీద ఆధారపడుతుంది, ఆ జీపీఎస్‌ను చెడగొడితే లింకూ చెడుతుంది.

గంటల లెక్కన అమ్మిన ఆకాశం

అన్నిటికన్నా నన్ను కదిలించింది సూడాన్. 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళాలకూ యుద్ధం మొదలైంది. 2024 ఫిబ్రవరిలో దేశమంతా నెట్‌వర్క్‌లు కుప్పకూలాయి. అక్కడ నగదు అంతంత మాత్రం. విదేశాల్లోని బంధువులు పంపే డబ్బు ‘బంకక్’ అనే బ్యాంకు యాప్‌లో పడాలి. నెట్ లేకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే రొట్టె లేదు. పేటల్లో వందల మందికి వండిపెట్టే సామూహిక వంటశాలలకు విరాళాలు వచ్చేదీ ఆ యాప్‌లోనే. దాంతో వీధి చివర ఒక స్టార్‌లింక్ డిష్, చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనం. గంటకింత అని కట్టి లాగిన్ అవ్వాలి. చాలాచోట్ల ఆ డిష్‌ల మీద పెత్తనం సాయుధ దళాలదే. పస్తులున్న తల్లి తన డబ్బు తాను చూసుకోవడానికి తుపాకీ పట్టుకున్నవాడికి రుసుము కట్టింది. ఇంతలో లైసెన్సు లేని దేశాల్లో సేవ ఆపేస్తామని 2024 ఏప్రిల్‌లో స్టార్‌లింక్‌ను నడిపే స్పేస్ఎక్స్ కంపెనీ హెచ్చరించింది. సహాయ సంస్థలు ఏకమై ఆ పని చేయొద్దని వేడుకున్నాయి.

మయన్మార్‌లో రెండు ముఖాలూ కనిపిస్తాయి. సైనిక ప్రభుత్వం నెట్ కోసేసిన పల్లెల్లో ఆసుపత్రులకు, బడులకు ఈ డిష్‌లే దిక్కు. అదే దేశంలో థాయ్ సరిహద్దు మ్యావడీలో సైబర్ మోసాల ముఠాల భవనాల మీదా ఇవే డిష్‌లు వెలిశాయి. ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్లి మన తెలుగు పిల్లల్ని బంధించింది అక్కడే. 2025 అక్టోబరులో స్పేస్ఎక్స్ ఆ ప్రాంతంలో 2,500కు పైగా కిట్లను పని చేయకుండా ఆపేసింది. ఆ నిర్ణయం మంచిదే. కానీ అంత దూరాన కూర్చుని వేల డిష్‌లను ఆపగల శక్తి ఒక కంపెనీ చేతిలో ఉందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

నింగి సిగ్నల్ కూడా తెగిపోవచ్చు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి వేళ వయాశాట్ ఉపగ్రహ నెట్‌వర్క్‌ను హ్యాక్ చేస్తే, యుద్ధంతో పొత్తులేని జర్మనీ సహా మధ్య ఐరోపాలో 5,800 గాలిమరలకు రిమోట్ సంబంధం తెగిపోయింది. 2025 జూలై 24న స్టార్‌లింకే సాఫ్ట్‌వేర్ లోపంతో రెండున్నర గంటలు ఆగిపోయింది.

మన దగ్గర ఏమవుతుంది?

2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు మన టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చింది. వన్‌వెబ్, జియోలకు అంతకుముందే వచ్చింది. దీంతో ఇక నెట్ బంద్‌ల బాధ ఉండదనుకుంటే పొరపాటు. ప్రభుత్వం అడిగినప్పుడు, అడిగిన ప్రాంతంలో సేవ ఆపగలగాలన్నది భద్రతా షరతుల్లోనే ఉంది. టవర్ ఆగే రోజున, లైసెన్సున్న డిష్ కూడా ఆగుతుంది. నా తీర్పు ఇదే: జనానికి రక్షణ డిష్‌లో లేదు, చట్టంలో ఉంది.

ఆ చట్టం మనకు కొంత ఉంది కూడా. కశ్మీర్ బంద్‌పై పాత్రికేయురాలు అనూరాధా భసీన్ వేసిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు నిరవధికంగా నెట్ ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులను ప్రకటించి తీరాలని చెప్పింది. 2024 నాటి నిబంధనల ప్రకారం ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదు, కారణం రాసి ప్రకటించాలి. మీ జిల్లాలో నెట్ ఆగిన రోజున ముందు ఆ ఉత్తర్వు ఎక్కడుందో అడగండి. ఎవరు సంతకం పెట్టారు, ఏ కారణం రాశారు, ఎప్పటితో ముగుస్తుంది చూడండి. కనిపించకపోతే రాష్ట్ర హోంశాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.