సైడు డబ్బాలో ఆయిలు తెల్లబడిందా? దమ్ము ఆపి చూడండి

దమ్ము రోజుల్లో రోటావేటర్ ఆగిపోతే రైతుకు కాళ్లూ చేతులూ ఆడవు. మడిలో నీళ్లు నిలిచి ఉంటాయి. నారు ముదురుతూ ఉంటుంది. నాట్లకు మాట్లాడుకున్న కూలీలు మర్నాటికి వేరే ఊరు పోతారు.

ఈ సంగతి మా ఇంట్లోనే జరిగింది. అన్నదమ్ములం ముగ్గురం కలిసి కొనుక్కున్న రోటావేటర్ సైడు గేరు డబ్బాలో మూడు రోజులు గరగరమని చప్పుడు వచ్చింది. మట్టి పట్టిందిలే అనుకుని నడిపించాం. నాలుగో రోజు టకటకమని కొట్టుకుని, అలాగే బిగుసుకుపోయింది. డబ్బా విప్పితే గేరు పళ్లు నాలుగు ఊడి అడుగున పడి ఉన్నాయి. వాటి మీద ఆయిలు బదులు తెల్లటి చిక్కటి ద్రవం ఉంది.

ఆ ద్రవం కాస్త సీసాలో పోసుకుని హైదరాబాదు వెళ్లాను. తార్నాకలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లోకి నడిచాను. మా మేనల్లుడు అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. సీసా చూడగానే "మామా, ఊరి నుంచి చాయ్ తెచ్చినవా?" అని నవ్వాడు. తర్వాత దాన్ని హాస్టల్ కిటికీలో కదలకుండా పెట్టాడు. మర్నాటికి అడుగున వేలెడు మందం మురికి నీళ్లు తేరాయి. రోగం ఏమిటో అప్పుడు తెలిసింది. వాడు చెప్పిందీ, తర్వాత మేస్త్రీల దగ్గర నేను చూసిందీ తోటి రైతుల కోసం రాస్తున్నాను.

నీళ్లు ఎలా దూరతాయి?

ట్రాక్టరు పి.టి.ఓ. మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఆ తిరుగుడు ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా మధ్య గేరు బాక్సుకు వస్తుంది. అక్కడ పక్కకు మళ్లి, సైడు డబ్బాలోని గేర్లు లేదా చైను ద్వారా కిందికి దిగి, బ్లేడ్లున్న రోటరు షాఫ్టును తిప్పుతుంది. దమ్ములో ఈ సైడు డబ్బా కింది సగం బురదనీళ్లలోనే ఉంటుంది.

చేపల పడవ వెనక తగిలించే మోటారుదీ ఇదే తంతు. ఇంజను పైన, గేరు డబ్బా నీళ్ల కింద. వల దారం ఫ్యాను షాఫ్టుకు చుట్టుకుందంటే లోపలి సీలును కోసేస్తుంది. మనకు దారం బదులు గడ్డి, సుతిలి, ప్లాస్టిక్ సంచుల పీలికలు.

షాఫ్టు డబ్బాలోంచి బయటికి వచ్చే చోట ఆయిల్ సీలు ఉంటుంది. రబ్బరు పెదవి, దాని వెనక సన్నటి స్ప్రింగు. ఆ పెదవి షాఫ్టును కరుచుకుని ఉన్నంత కాలం ఆయిలు బయటికి రాదు, నీళ్లు లోపలికి పోవు. చుట్టుకున్న తాడు బిగుసుకుంటూ వెళ్లి ఆ పెదవిని తినేస్తుంది.

రెండో దారి గాలి బోల్టు. దీన్నే బ్రీదరు అంటారు. గేర్లు తిరిగి డబ్బా వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. ఆ గాలి పోవడానికే ఈ బోల్టుకు చిన్న రంధ్రం. అది బురదతో మూసుకుపోతే గాలి సీలు దగ్గర తోసుకుని ఆయిలుతో సహా బయటికి పోతుంది. ట్రాక్టరు ఆపగానే డబ్బా చన్నీళ్లలో చల్లారి, లోపలి గాలి కుంచించుకుంటుంది. అప్పుడు అదే సీలు దగ్గర నుంచి బురదనీళ్లు పీల్చుకుంటుంది. కొత్త సీలు వేసినా మళ్లీ నీళ్లు వస్తున్నాయంటే ముందు ఈ రంధ్రం చూడండి.

ఆయిలు చెప్పే సంగతులు

పొద్దున్నే, బండి కదపక ముందు డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేయండి. రాత్రంతా అడుగుకు దిగిన నీళ్లు ముందుగా వస్తాయి.

- పాల చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి.
- నల్లబడి మాడిన వాసన వస్తే ఆయిలు తక్కువై లేదా పాతబడి వేడెక్కింది.
- అడుగున బూడిద రంగు మెత్తటి పేస్టు కొద్దిగా ఉంటే అది మామూలు అరుగుదల.
- మెరిసే రేకులు, చేతికి గుచ్చుకునే ముక్కలు వస్తే గేరో బేరింగో పోతోంది. ఇక ఒక్క చాలు కూడా నడపకూడదు.

పాత రేడియో స్పీకరు అయస్కాంతాన్ని ఆ ఆయిల్లో తిప్పితే ఇనుప ముక్కలు అంటుకుని వస్తాయి. నీళ్లున్నాయో లేదో అనుమానంగా ఉంటే వేడి చేసిన ఇనుప గరిటె మీద ఒక్క చుక్క వేయండి. తాలింపులో తడి పడ్డట్టు చిటపటమంటే నీళ్లున్నట్టే. మొహం దూరంగా పెట్టుకోండి. ఒక్క చుక్కకు మించి వేయవద్దు.

చప్పుడు కూడా గుర్తే. గరగరమని ఆగకుండా వస్తే బేరింగు మీద అనుమానం. లెక్క తప్పకుండా టక్ టక్‌మని కొడితే పన్ను విరిగి ఉండవచ్చు.

వరసగా ఇలా చూసుకోవాలి

ముందుగా ఇంజను ఆపి తాళం చెవి జేబులో వేసుకోండి. పి.టి.ఓ. షాఫ్టు ఊడదీయండి. రోటావేటర్ కింద గట్టి దిమ్మెలు పెట్టండి. హైడ్రాలిక్ మీద లేపి దాని కింద దూరవద్దు.

1. రోటరు రెండు చివర్లా చుట్టుకున్న గడ్డి, తాళ్లు కోసి తీయండి.
2. బ్రీదరు విప్పి కిరోసిన్‌తో కడిగి, రంధ్రంలో గాలి ఆడేలా చేయండి.
3. బ్లేడు పట్టుకుని రోటరును పైకీ కిందికీ ఊపండి. ఆట ఉంటే బేరింగు అరిగింది. బేరింగు మార్చకుండా సీలు ఒక్కటే మారిస్తే పది రోజులు నిలవదు.
4. ఆయిలు పూర్తిగా దించండి. సీలు ఎక్కడ పోయిందో తెలియకపోతే సబ్బు నీళ్లు పూసి, బ్రీదరు చోట సైకిలు పంపుతో మెల్లగా కాస్త గాలి కొట్టండి. బుడగలు వచ్చిన చోటే కన్నం. పంక్చరు షాపు కంప్రెసరు వాడితే బాగున్న సీళ్లు కూడా ఎగిరిపోతాయి.
5. సీలు తీశాక షాఫ్టు మీద గోరు పెట్టి గీయండి. గోరు ఆగేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. షాఫ్టుకు స్లీవు వేయించాలి లేదా షాఫ్టే మార్చాలి.
6. సీలు పెదవికి ఆయిలు రాసి, చుట్టూ సమంగా తట్టి ఎక్కించండి. డ్రెయిన్ బోల్టు వాషరు కూడా కొత్తది వేయండి.

ఏ ఆయిలు పోయాలి?

చాలా రోటావేటర్లకు ఇ.పి. 90 లేదా 140 గేరు ఆయిలు వాడతారు. మీ యంత్రం పుస్తకంలో రాసినదే పోయండి. యంత్రం సమంగా నిలిపి లెవెల్ బోల్టు వరకే నింపాలి. ఎక్కువ పోసినా వేడెక్కి కారుతుంది. ట్రాక్టరులో దించిన పాత ఇంజనాయిలు పోయడం పొదుపు కాదు. గేరు పళ్లు ఒకదాన్నొకటి నొక్కే చోట మామూలు ఆయిలు పొర తెగిపోతుంది. గేరు ఆయిల్లో కలిపే గంధకం, భాస్వరం మందులే అక్కడ పళ్లను కాపాడతాయి.

మన ఆముదం జిగటే కదా, అది పోస్తే పోదా అని ఒక రైతు అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానం ఇంజన్లకు ఆముదమే వాడిన మాట నిజమే. అయితే పచ్చి ఆముదం వేడికి, గాలికి బంకలా మారుతుంది. తార్నాకలోనే ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ, 1944లో మొదలైన పరిశోధనశాల. గింజల నూనెలను రసాయనికంగా మార్చి కందెనలుగా వాడటంపై అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. గానుగ నుంచి తెచ్చింది తెచ్చినట్టు డబ్బాలో పోయడం మాత్రం వద్దు.

అద్దెకు తెచ్చుకునే వారికి

రెండు మూడెకరాల రైతులు ఎక్కువగా అద్దె యంత్రమే తెచ్చుకుంటారు. మడిలో దించక ముందు సైడు డబ్బా కింద చూడండి. ఆయిలు కారుతుంటే యజమానికి చెప్పండి. మడి నీళ్ల మీద రంగురంగుల పొర తేలితే ఆ ఆయిలు మీ పొలంలోనే పడుతోందని అర్థం. దించిన పాత ఆయిలు కాలువలో పారబోయకుండా డబ్బాలో పోసి, కొనేవారికి ఇవ్వండి.

షియర్ బోల్టు తెగితే అదే రకం వేయండి. గట్టి బోల్టు వేస్తే రాయి తగిలినప్పుడు బోల్టు బదులు గేరు పన్ను తెగుతుంది. గట్టు దగ్గర మలుపులో పి.టి.ఓ. ఆపి గానీ పైకి లేపవద్దు.

మేము మూడు రోజులు చప్పుడు విని ఊరుకున్నాం. సీలు ఖర్చు వందల్లో పోయేది. గేర్లు, బేరింగులు, షాఫ్టు కలిసి వేలల్లో అయింది. ముదిరిన నారుతో కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టి నాటుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు దమ్ముకు పోయే ప్రతి పొద్దున్నా మా తమ్ముడు ముందు డ్రెయిన్ బోల్టు వదులు చేసి, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని చూస్తాడు. రెండు నిమిషాల పని. మీరూ చేసుకోండి.