ఆవగింజంత కందిరీగకు ఇంటిపేరు

కొత్తగూడ: జామాయిల్ మొక్కల లేత కొమ్మల మీద, తొడిమల మీద, ఆకు నడిమి ఈనె మీద బుడిపెలు లేచి, ఆకులు ముడుచుకుపోయి, ఎదుగుదల నిలిచిపోతుంది. ఇది తెగులని కొందరు, ఎరువు చాలలేదని మరికొందరు అనుకోవడం కద్దు. నిజానికిది ఆవగింజ పాటి కందిరీగ చేసే పని. దాని పొడవు మిల్లీమీటరుకు కాస్త పైన. 2004 వరకు శాస్త్రలోకంలో దీనికి పేరే లేదు.

ఏ ఇంటిదో తెలియదు

2000 సంవత్సరంలో ఇజ్రాయెల్ జామాయిల్ తోటల్లో ఈ బుడిపెలు కనిపించాయి. వాటిలోంచి వెలువడిన కందిరీగను శాస్త్రజ్ఞులు అంతవరకు తెలిసిన కందిరీగలతో పోల్చి చూశారు. దేనితోనూ సరిపోలలేదు.

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక ఉన్నట్లే శాస్త్రంలో ప్రతి జీవికీ రెండు పేర్లుంటాయి. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. తెలిసిన ప్రజాతిలో కొత్త జాతి దొరకడం తరచూ జరిగేదే. ఈ కందిరీగకు మాత్రం సరిపడే ఇంటిపేరే లేదు. అందుకని సూక్ష్మదర్శిని కింద తల, మీసాలు, రెక్కలు, నడుము పరీక్షించి 2004లో కొత్త ప్రజాతినే ఏర్పరచారు. ఇజ్రాయెల్‌కు చెందిన మెండెల్, ప్రొటసోవ్, ఆస్ట్రేలియాలో పనిచేసిన ఫిషర్, లాసాల్ ఆ పని చేశారు. పెట్టిన పేరు 'లెప్టోసైబ్ ఇన్వేసా'. గ్రీకు భాషలో మొదటి మాటకు పలుచని తల అని అర్థం. ఎండితే దీని తల లోపలికి కుంగిపోతుంది. రెండవ మాట చొరబాటును సూచిస్తుంది.

దీని కుటుంబంలోని కందిరీగల్లో ఎక్కువ భాగం ఇతర పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టి వాటిని తిని బతికేవే. ఇది మాత్రం చెట్టు మీద పడింది.

మందుకు అందదు

ఆడ కందిరీగ లేత కణజాలంలో గుడ్లు పెడుతుంది. మగ తోడు లేకున్నా సంతానం కలుగుతుంది. పిల్లపురుగు బుడిపె లోపల దాగి ఉంటుంది కనుక పైన చల్లిన మందు దానికి అందడం కష్టం. గుడ్డు నుంచి రెక్కల పురుగు వరకు సుమారు నాలుగున్నర నెలలు పడుతుందని ఇజ్రాయెల్ పరిశీలనలో తేలింది. బుడిపెలున్న నారు ఒక ఊరి నుంచి మరో ఊరికి పోతే పురుగూ వెంట పోతుంది.

మన దేశంలో ఇది ముందుగా తమిళనాడు, కర్ణాటకల్లో కనిపించి, పిమ్మట నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తోటలకు చేరింది. 1989 నుంచి భద్రాచలంలో కాగితపు మిల్లు అవసరాలకు క్లోన్ జామాయిల్ పెంపకం సాగుతోంది. ఆ మొక్కలు మన మెట్టలకూ వచ్చాయి. ఒకే చెట్టు నుంచి తీసిన మొక్కలన్నీ ఒకే తీరున ఉంటాయి. పురుగుకు లొంగే రకమైతే తోటంతా లొంగుతుంది.

పుట్టింటి శత్రువు

జామాయిల్‌కు, ఈ కందిరీగకు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ దీన్ని అదుపులో ఉంచే శత్రువులుంటాయని తలచి వెతికారు. బుడిపెలోని పిల్లపురుగును తినే మరో రెండు చిన్న కందిరీగలు దొరికాయి. అవీ కొత్తవే. 2008లో వాటికీ పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి 'క్వాడ్రాస్టికస్ మెండెలి'. ఇజ్రాయెల్ నుంచి దాన్ని మన దేశానికి తెచ్చి వదిలారు. పేరు, పుట్టుక తెలియని పురుగుకు శత్రువును ఎక్కడ వెతకాలో ఎవరికి తెలుస్తుంది? ఇంటిపేరు పెట్టడం వల్ల రైతుకు కలిగిన మేలు ఇదే.

రైతులు చేయదగినవి

నర్సరీలో మొక్కలు కొనేముందు లేత చిగుళ్లు, తొడిమలు పరికించాలి. బుడిపెలున్న మొక్కను ఊరికే ఇచ్చినా తెచ్చుకోరాదు. పురుగును తట్టుకునే క్లోన్లు ఏవో వ్యవసాయ, అటవీ అధికారులను అడిగి తెలుసుకోవాలి. చిన్న మొక్కల్లో బుడిపెలు కనిపిస్తే ఆ కొమ్మలను, వాటికి రంధ్రాలు పడకముందే, కోసి కాల్చాలి. రంధ్రం పడిందంటే పురుగు ఎగిరిపోయినట్లే. అదే పనిగా మందులు కొడితే బుడిపెలోని శత్రువు మిగిలి, బయట తిరిగే మిత్రుడు చచ్చే ప్రమాదముంది.