లోహశోధిని ఎంపిక

1992వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతమున, హాక్సన్ అను గ్రామము చేరువనున్న పొలములో ఒక రైతు సుత్తి పోయినది. దానిని వెదకిపెట్టుటకు ఆయన మిత్రుడు ఎరిక్ లాస్ తన మెటల్ డిటెక్టరును చేతబట్టి బయలుదేరెను. ఉద్యోగ విరమణవేళ ఆయనకు కానుకగా వచ్చిన యంత్రమది. సుత్తి కంటె ముందు వెండి చెంచాలు, బంగారు నగలు, నాణెములు బయటపడినవి. ఆయన కొంత తీసి, అంతటితో త్రవ్వుట ఆపి, అధికారులకు కబురంపెను. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, ఏ వస్తువు దేని ప్రక్కన ఎట్లున్నదో గుర్తించుచు నిధిని పైకి తీసిరి. రోమను పాలన ముగియుచున్న కాలమునాటి సుమారు 15 వేల నాణెములు, 200 వరకు వెండి బంగారు వస్తువులు లభించినవి. రైతుకును లాస్‌కును కలిపి 17 లక్షల 50 వేల పౌనులు పారితోషికముగా ముట్టినవి. సుత్తియు దొరకినది. నేడది బ్రిటిష్ మ్యూజియమునకు చేరినది!

ఇట్టి కథ విన్నవారికి తామును ఒక యంత్రము కొనవలెనని తోచుట సహజము. అయితే కొనబోవువాడు మొదట అడుగు ప్రశ్న, “ఇది ఎంత లోతువరకు చూపును?” అనునది. నా దృష్టిలో ఆ ప్రశ్న రెండవది. మొదట అడుగవలసినది, “ఇది దేనిని విని, దేనిని విననట్లుండును?” అని.

యంత్రము పని చేయు విధము రేడియో ఉన్న ఇంటివారికి కష్టమనిపించదు. పాతకాలపు సెట్టులో ముల్లు త్రిప్పునపుడు రెండు స్టేషన్లు దగ్గరపడినచోట ఈల వంటి ధ్వని వచ్చుట మనము ఎరుగుదుము. తొలినాటి చౌక శోధినులు ఆ సూత్రముపైననే నడచినవి. లోపల రెండు కంపనములుండును. నేలమీద ఆడించు తీగచుట్ట లోహమును సమీపించగా ఒకటి కొంచెము మారి, ఈల స్థాయి మారును. నేడు విరివిగా అమ్ముడగు రకములో ఒక చుట్ట సెకనుకు కొన్ని వేల మార్లు దిశ మారు అయస్కాంత క్షేత్రమును నేలలోనికి పంపును. అది సోకిన లోహములో విద్యుత్తు సుళ్లు తిరుగును. ఆ సుళ్ల ప్రతిధ్వనిని రెండవ చుట్ట పట్టుకొనును. ప్రతిధ్వని ఎంత ఆలస్యముగా వచ్చినదో చూచి, అది ఇనుమో, వెండియో యంత్రము ఊహించును. ఊహించును అనియే చెప్పవలెను, తెలిసికొనును అనరాదు.

ఏలయన, చిన్న ఇనుప మేకు ఒక చివరను, వెండి రాగి నాణెములు మరొక చివరను పలుకగా, బంగారు ఉంగరము నడుమ ఎచ్చటనో పలుకును. శీతల పానీయపు డబ్బా మూతకుండు అల్యూమినియం కొక్కెమును సరిగా ఆ నడుమనే పలుకును. చెత్తతో విసిగినవాడు మీట త్రిప్పి కొక్కెముల నోరు మూయించినచో, ఉంగరము నోరును మూతబడును. సముద్రతీరమున ఇట్లు ఎన్ని ఉంగరములు కాలిక్రిందనే ఉండిపోయినవో! కావున చప్పుడును పూర్తిగా ఆపివేయు యంత్రము కంటె, ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క స్వరము వినిపించి తీర్పును మన చెవికి విడుచు యంత్రమే మేలు. హెడ్‌ఫోన్ తప్పక ఉండవలెను. సన్నని ధ్వనులు గాలిలో కలిసిపోవును.

ఇక లోతు. నాణెమువంటి చిన్న వస్తువు చుట్టకు దూరమైన కొలది ప్రతిధ్వని అతివేగముగా క్షీణించును. దూరము రెట్టింపైనచో అది సగము కాదు, సుమారు 64వ వంతునకు పడిపోవును. అందుచేతనే ఖరీదైన యంత్రమునకును నాణెము జానెడు, అంతకు కొంచెము పైలోతున మాత్రమే చక్కగా వినబడును. పెద్ద చుట్ట లోతు చూచునుగాని, మేకును నాణెమును ప్రక్కప్రక్కనున్నచో వేరుచేయజాలదు. మేకులు నిండిన పాత ఊరిదిబ్బకు చిన్న చుట్టయే తగినది.

నేల స్వభావమును గమనింపదగినది. ఇనుపరజను మెండుగానున్న ఎఱ్ఱమట్టి, ఉప్పునీట తడిసిన ఇసుక తామే లోహమువలె పలికి చెవిని మోసగించును. ఆస్ట్రేలియా బంగారు భూములలో ఈ చిక్కునకు వేరొక రకము వాడుదురు. అది అయస్కాంత క్షేత్రమును చిన్న తునకలుగా పంపి, మధ్యనున్న నిశ్శబ్దములో ప్రతిధ్వనిని వినును. అయితే ఇనుమును వేరుచేయుటలో అది మందమతి; ప్రతి మేకును త్రవ్వి చూడవలసినదే.

మైలు దూరమునుండి బంగారమును చూపునని అమ్మెడు కడ్డీల సంగతి ఒకటి చెప్పవలెను. గోల్ఫ్ బంతులు వెదకు ఆటవస్తువు వంటి దానినే బాంబులు కనుగొను సాధనమని చెప్పి, ఇరాకు ప్రభుత్వమునకు అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అను బ్రిటిష్ వర్తకునకు 2013లో లండను న్యాయస్థానము పదేండ్ల శిక్ష విధించినది. దానిలో బాంబును పసిగట్టు యంత్రాంగమేదియు లేదు. దానిని నమ్మి తనిఖీ కేంద్రములలో నిలిచినవారి గతి తలచుకొనుటకే భయము కలుగును. బంగారమును మాత్రమే, అదియు దూరమునుండి, పట్టు యంత్రము లేదు.

మన సీమలో గుప్తనిధుల మాట ఎత్తగానే పాడుపడిన గుడిలో నంది క్రింద త్రవ్విన గొయ్యి మనసున మెదలును. అది వినోదము కాదు, చౌర్యము. 1878నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. దాచినచో తన వాటా పోవుటయే కాక, ఏడాది వరకు ఖైదు పడవచ్చును. ఇంగ్లండునందును నిధిని పదునాలుగు దినములలో తెలుపవలెనని 1996నాటి చట్టము ఆదేశించుచున్నది. భూమి యజమాని అనుమతి లేక వెదకుట అచ్చటను తప్పే. మన ఇండ్లలో ఈ యంత్రమునకు నిజమైన పని, నాట్లవేళ వ్రేలినుండి జారిన ఉంగరమో, పెరటిలో తెగిపడిన పుస్తెలగొలుసో వెదకుట.

కొనుటకు ముందు అంగడిలో చిన్న పరీక్ష చేయవచ్చును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరములోని గుండును కనుగొనుటకు గ్రహాంబెల్ తన సాధనమును తెచ్చి విఫలుడయ్యెను. పరుపు క్రింది ఉక్కుతీగలు దానిని కలతపెట్టినవి. కావున చెక్కబల్లనే కోరుడు. ముందు మీ గడియారమును, చేతి ఉంగరమును తీసివేయుడు. బల్లపై మేకును, డబ్బా కొక్కెమును, ఉంగరమును జానెడేసి ఎడముగా ఉంచి, చుట్టను వాటిపై నెమ్మదిగా ఆడించుడు. తరువాత మేకును ఉంగరమునకు ఆనించి మరల ఆడించుడు. అప్పుడును ఉంగరము స్వరము వినబడినచో బేరమాడవచ్చును. పావుగంటసేపు యంత్రమును చేతబట్టి ఊపి చూచుట మరువకుడు. భుజము నొచ్చినచో ఎంత మంచి యంత్రమైనను అటకపైకే పోవును.