కోట పొద్దు, బాగాన్ దాతుక్ గడియారం

మా కోట కుర్రవాడొకడు ఆ మధ్య తన కథ ఒకటి చదివి చెప్పమని ఇచ్చాడు. కథ జరిగేది ఈనాటి మలేసియాలో, పేరాక్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న బాగాన్ దాతుక్‌లో. కొబ్బరి తోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఇప్పటికీ ఉన్న ఊరది. కథలో అయిదున్నరకు తెల్లవారుతుంది, ఆరింటికి పొద్దు పొడుస్తుంది. మనిషి అక్కడ, పొద్దు కోటలో!

"రెండూ ఎండదేశాలే గదా సార్, రెండూ సముద్రం పక్కనే. పొద్దులో తేడా ఏముంటుంది?" అన్నాడు.

తేడా ఉంది. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కోట దాదాపు 80వ తూర్పు రేఖాంశం మీద ఉంది. మన గడియారం నడిచేది 82½ డిగ్రీల రేఖను బట్టి. కనుక కోట పొద్దు గడియారానికి 10 నిమిషాలు వెనక. (కాకినాడవాళ్లకు ఈ బాధ లేదు, తేడా ఒక్క నిమిషమే.) బాగాన్ దాతుక్ 101వ రేఖాంశానికి కాస్త ఇవతల ఉంది. రెండు ఊళ్ల పొద్దుకూ ఎడం 83 నిమిషాలు, మన పెద్దల లెక్కలో మూడున్నర గడియలు. గడియారాల మధ్య ఎడం మాత్రం రెండున్నర గంటలు. మిగతా 67 నిమిషాలు సూర్యుడిచ్చినవి కావు, ప్రభుత్వాలు ఇచ్చినవి.

అక్కడి కాలం 1905లో గ్రీనిచ్‌కు 7 గంటలు ముందుండేది. 1933లో 20 నిమిషాలు, 1941లో మరో 10 నిమిషాలు ముందుకు జరిపారు. 1942లో జపాను సైన్యం టోక్యో కాలాన్ని తెచ్చిపెట్టింది. 1945 తర్వాత మళ్లీ పాత కాలం. 1981 డిసెంబరు 31 రాత్రి పదకొండున్నరను పన్నెండు చేశారు, సబా, సరవాక్‌లతో దేశమంతా ఒకే కాలం ఉండాలని. అందుచేత ఇప్పుడక్కడ ఏడు దాటితేగాని పొద్దు పొడవదు. భూమధ్యరేఖకు 4 డిగ్రీల దూరమే కాబట్టి ఏడాది పొడుగునా దాదాపు అంతే. అదే కథ 1943లో జరిగితే ఎనిమిది దాటాలి!

మన సంగతీ అంతే. 1906కు ముందు రైళ్లు మద్రాసు కాలంతో నడిచాయి. మద్రాసుదీ కోటదీ ఇంచుమించు ఒకే రేఖాంశం గనుక అప్పుడు మన పొద్దూ రైలూ కలిసే నడిచేవి. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా యుద్ధం పేర బ్రిటిషువాళ్లు మన గడియారాన్ని గంట ముందుకు తోశారు. ఇక్కడ ఒక సామ్రాజ్యం, అక్కడ ఒక సామ్రాజ్యం. కూలివాణ్ణి అడిగినవాడు లేడు.

ఇక ఊరి స్వభావం. కోటకు ఈశాన్య రుతుపవనాలే ప్రాణం. వాన పడితే, నాట్లప్పుడు ఊపిరి సలపదు. కోతలయ్యాక అదే మనిషి టీ అంగడి బల్లమీద కూర్చుని పని కోసం ఎదురుచూస్తాడు. చూసిపోయేవాడికి సోమరిగా కనిపిస్తాడు. బాగాన్ దాతుక్‌లో అలా ఎదురుచూసే రుతువు లేదు. ఏడాదంతా కొబ్బరి కాస్తుంది, ఏడాదంతా కోత. తోటల్లో రోజు మొదలయ్యేది పొద్దుతో కాదు, హాజరు పిలుపుతో. ఒకే రక్తం, ఒకే భాష అనుకునే మనుషులు రెండు తీర్లుగా తయారవడానికి కారణం ఎండ కాదు, పని.

కుర్రవాడి కథలో పొరుగింటి మలయ్ రైతు పుట్టుసోమరి. నాకు పొద్దుకంటే పెద్ద తప్పుగా తోచింది ఇదే. తోటల యజమానులు పెట్టిన కూలికి, పెట్టిన షరతులకు లొంగనివాణ్ణే సోమరి అన్నారని సయ్యద్ హుస్సేన్ అలటాస్ 1977లో ఒక పుస్తకమే రాశాడు. దొర మాటను కూలివాడి మనవడి నోట పలికించడం వాస్తవికత ఎలా అవుతుంది? ఇదే అడిగాను. తల వంచుకుని కథ తీసుకుపోయాడు.

నెలకు తిరిగి తెచ్చాడు. పొద్దు ఏడుంబావుకు పొడిచింది. మలయ్ రైతు మాత్రం ఇంకా వరండాలో నిద్రపోతూనే ఉన్నాడు. మళ్లీ ఇచ్చి పంపాను.