మితవ్యయముతో సాగరగర్భ విహారము

ద్వీపములకు బదిలీ అనగానే మన సంస్థలో చాలామంది ముఖములు వాడిపోవడము కద్దు. 2022లో ఆ ఉత్తర్వులు అందిన నాడు మా ముఖములు కూడ అలాగే ఉన్నవి. మేమనగా ముగ్గురము: ఇన్‌స్ట్రుమెంటేషన్ నుండి ఒకరు, మెకానికల్ నుండి ఒకరు, అకౌంట్స్ నుండి ఒకరు. ముగ్గురమూ యాభై దాటినవారమే. పిల్లల చదువుల నిమిత్తము కుటుంబములను విశాఖలోనే ఉంచి వచ్చినవారమే. అండమాన్ రాజధాని అప్పటికింకా పోర్ట్ బ్లెయిర్. 2024లో శ్రీ విజయపురము అయినది. అక్కడ ఒకే క్వార్టర్సులో వంట కలిపి చేసుకొంటూ, రెండు ఇండ్ల ఖర్చు ఒక జీతముతో నెట్టుకొని వచ్చేవారము.

ఈ ద్వీపములలో తెలుగు మాట వినబడక బాధపడే అవసరము లేదు. జనాభాలో పదిమందికి ఒకరి కంటె ఎక్కువే తెలుగువారు. చేపల బజారులో శ్రీకాకుళం యాస వింటే ఇంటి గుమ్మములో ఉన్నట్లే తోస్తుంది. అక్కడనే ఒక యువకుడు పరిచయమయ్యాడు. తాతల కాలములో వలస వచ్చిన కుటుంబము. తాను హేవ్‌లాక్ ద్వీపములో డైవింగ్ గైడు. 2018లో ఆ ద్వీపమునకు స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టినా బోటు ఎక్కేవారందరూ నేటికీ హేవ్‌లాక్ అనే అంటారు. "సార్, ఏడాదిగా నీళ్ళ ఒడ్డునే కూర్చుంటున్నారు. అడుగున ఏముందో ఒక్కసారైనా చూడరా?" అని అతడు అడిగాడు. ఆదివారములు గడవక అవస్థ పడుతున్న మాకు ఆ మాట మనసులో నాటుకొన్నది.

నీటి అడుగున ఊపిరి పీల్చే రెగ్యులేటరు చరిత్ర ఇంజనీర్లకు ఆసక్తికరమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఫ్రాన్సులో పెట్రోలు దొరకక కార్లను గ్యాసుతో నడుపుతున్న రోజులలో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు ఇంజనుకు కావలసినంత గ్యాసు మాత్రమే వదిలే వాల్వును తయారు చేశాడు. నౌకాదళాధికారి జాక్ కూస్తో కోరికపై 1943లో దానినే మనిషి ఊపిరికి అనుగుణముగా మార్చారు. కరవు కాలములో పుట్టిన పరికరమని తెలిసిన తరువాత, మావంటి కరవు మనుష్యులకు ఇది అందరానిది కాదని ధైర్యము వచ్చినది.

ఆ ధైర్యము ధరల పట్టిక చూడగానే సగమైనది. ప్రాథమిక శిక్షణకే ఒక్కొక్కరికి 30 వేల రూపాయలు మించినది. తరువాతి ప్రతి డైవింగుకు వేరుగా వేల రూపాయలు. మా అకౌంట్స్ మిత్రులు వెంటనే ఒక నోటుబుక్కు తెరిచారు. ఏడాది పాటు నెలకింత అని ముగ్గురమూ అందులో జమ వేసి, వేసవి సెలవుల ఇంటి ప్రయాణము విమానము బదులు ఓడ మీద సాగించి, శిక్షణ రుసుము కూడబెట్టాము. వయసు దృష్ట్యా డాక్టరు ధ్రువపత్రము తప్పనిసరి. రక్తపోటు మందులు వాడే మా మెకానికల్ వారికి అది రెండవ ప్రయత్నములో గాని రాలేదు.

పొదుపు చేయదలచినవారికి అండమాన్ సముద్రము ఒక విధముగా అనుకూలమైనది. నీరు ఏడాది పొడవునా సుమారు 27 నుండి 30 డిగ్రీలు ఉంటుంది గనుక చలిదేశముల వారి వలె ఖరీదైన మందపు దుస్తులు అక్కరలేదు. పాత నిండుచేతుల బనియను చాలును. ప్రైవేటు బోటు మాని ప్రభుత్వ బోటులో వెళ్ళేవారము. పులిహోర మూట వెంట ఉండేది. బోటు డైవింగు బదులు ఒడ్డు నుండి నడిచి నీటిలో దిగే చోట్లు ఎంచుకొనేవారము. ముఖమునకు మాస్కు, నోటికి గొట్టము, కాళ్ళకు రబ్బరు రెక్కలు మాత్రము మంచివి కొత్తగా కొన్నాము. వాటితో నెలకు మూడు ఆదివారములు నీటి పైననే తేలుతూ అడుగును చూడవచ్చును, దానికి రుసుము లేదు. సిలిండరు కట్టుకొని దిగడము రెండు మూడు నెలలకు ఒకమారు మాత్రమే.

దిగిన నాడు చూచినది ఎంత వ్రాసినా తక్కువే. విషపు వేళ్ళ వంటి సముద్రపుష్పము నడుమ నిర్భయముగా ఆడే నారింజరంగు చేపలు. చిలుకముక్కు చేపలు పగడమును కొరుకుతూ ఉంటే చెవులకు స్పష్టముగా వినిపించే పటపట చప్పుడు. ఆ చేపలు కొరికి విసర్జించిన పగడపు పొడి కూడ ఇక్కడి తెల్లని ఇసుకలో కలిసి ఉన్నదని విని ముగ్గురమూ కాసేపు ఒడ్డున మౌనముగా కూర్చున్నాము. 2010లో నీరు వేడెక్కి ఇక్కడి పగడములు పెద్ద ఎత్తున తెల్లబారినవి. చచ్చిన కొమ్మలు విరిగి గుట్టలుగా పడి ఉన్న చోట్లు కూడ గైడు చూపించాడు. వాటిపై అక్కడక్కడ కొత్త మొలకలు అరచేయంత పెరిగి ఉన్నవి.

గాలి లెక్క చెప్పకుండా ముందుకు సాగలేము. మేము వాడే సిలిండరు నీటి కొలతలో 11 లీటర్లు. 200 బార్ల పీడనముతో నింపితే సుమారు 2200 లీటర్ల గాలి. నిమిషమునకు 20 లీటర్లు పీల్చే వ్యక్తికి ఒడ్డున అది 110 నిమిషములు వస్తుంది. 10 మీటర్ల లోతున పీడనము రెట్టింపు గనుక 55 నిమిషములు, 20 మీటర్ల వద్ద 37 కూడ రావు. అందులోనూ చివరి 50 బార్లు ముట్టరాదు. ఈ లెక్క వినగానే మా అకౌంట్స్ మిత్రులు గాలిలో కూడ పొదుపు మొదలుపెట్టారు: ఊపిరి పీల్చి కాసేపు బిగబట్టి వదలడము. పైకి వచ్చేసరికి తలనొప్పి. బొగ్గుపులుసు గాలి పేరుకొన్న ఫలితము. అంతకంటె ప్రమాదము, బిగబట్టిన ఊపిరితో పైకి లేస్తే ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచించి వాటిని చీల్చగలదు. గైడు అంత కఠినముగా మాట్లాడగా మేము వినడము అదే మొదలు. రెండవమారు వినడము మా తప్పు వలననే.

సొంత పరికరములు తెచ్చుకొనేవారికి కొంత తగ్గింపు ఉన్నది. ద్వీపము విడిచి వెళ్తున్న ఒకరి వద్ద రెగ్యులేటరు, దానికి అమర్చిన పీడనపు గేజితో సహా, కొత్తదాని ధరలో నాలుగవ వంతుకు దొరికింది. వంతులవారీగా ముగ్గురమూ వాడుకోవచ్చునని కొన్నాము. ఇంటికి తెచ్చి చూస్తే, సిలిండరుకు తగిలించక ముందే గేజి ముల్లు సున్న మీద గాక 20 మీద నిలిచి ఉన్నది. డిపోలో అట్టి గేజి కనబడితే ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టించే ఉద్యోగము మాది. "తెలిసిన దోషము దోషము కాదు, 20 తీసివేసి చదువుకొందము" అని తీర్మానించుకొన్నాము. కొత్త గేజి ధర నోటుబుక్కులో ఇమడలేదు.

2024 ఫిబ్రవరిలో ఒక ఉదయము ఆ సెట్టు మాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ వారి వీపున ఉన్నది. 14 మీటర్ల లోతు. గైడు చేతిసైగతో గాలి ఎంతని అడిగాడు. ముల్లు 70 మీద ఉన్నది. 20 తీసివేస్తే 50, అనగా అందరము వెనుదిరగవలసిన వేళ. ఎదుట రాతి సందులో పెద్ద ఆక్టోపస్ అప్పుడే బయటకు వస్తున్నది. మావారు 70 అనే సైగ చేశారు. దోషము తెలిసిన మిగిలిన ఇద్దరమూ చూచి ఊరుకొన్నాము. సుమారు పది నిమిషముల తరువాత మరల అడిగితే మరల 70. గైడు ముఖములో అనుమానము కనిపించి దగ్గరకు రాబోతూ ఉండగానే మావారికి ఊపిరి బరువైనది. తరువాతి ఊపిరి ఇంకా బరువు. ఆ తరువాతిది రాలేదు.

గైడు తన రెండవ నోటిగొట్టము అందించాడు. ఇద్దరూ చేయి చేయి పట్టుకొని, నిమిషమునకు 9 మీటర్ల వేగము మించకుండా లేచి, 5 మీటర్ల వద్ద మూడు నిమిషములు ఆగారు. రక్తములో కరిగిన నత్రజని మెల్లగా వెలువడడానికి ఆ విరామము. తలపైన వెలుగు కనబడుతూ ఉండగా, పరుల గాలితో, పైకి పోరాదని నిలబడిన ఆ మూడు నిమిషముల గురించి మావారు నేటికీ ఎక్కువ మాట్లాడరు. విశాఖలో వారి శ్రీమతికి మేము ఇంతవరకు చెప్పలేదు. ఈ పత్రిక ఇంటికి చేరితే తెలుస్తుంది.

ఒడ్డున గైడు గేజిని చేతితో తిప్పి చూచి, "సార్, మీ డిపోలో దీన్ని ఒక్కరోజు ఉండనిస్తారా?" అన్నాడు. మాకు జవాబు లేదు.

సోమవారము ఆ గేజిని డెడ్ వెయిట్ టెస్టరుపై పెట్టాము. తిరిగి వాడేది కాదు గనుక నూనె తగిలినా బెంగ లేదు. 200 బార్ల వద్ద 204 చూపినది. 100 వద్ద 118. 50కి దించితే 72. 20కి దించినా 70 మీదనే ఆగి, వేలితో తట్టగా 41కి జారినది. లోపలి బూర్డన్ గొట్టము వంగి, పళ్ళచక్రము ఉప్పుతో పట్టివేసినది. వంగిన గొట్టపు దోషము అన్ని పీడనముల వద్ద ఒకేలా ఉండదని కొత్తగా చేరిన అప్రెంటిసులకు బోధించేది మేమే. సున్న వద్ద 20 తప్పినది గనుక అంతటా 20 తీసివేయవచ్చునని మేము వేసిన లెక్క ఏ అప్రెంటిసు వేసినా ఒప్పుకొనేవారము కాము.

ఆ నెలలోనే కొత్త గేజి కొన్నాము. రెగ్యులేటరును చెన్నైకి పంపి పూర్తిగా సర్వీసు చేయించాము. దానితో ఆ ఏడాది డైవింగు నిధి అయిపోయినది. తొమ్మిది నెలలు నీటి పైన తేలడముతోనే సరిపుచ్చుకొన్నాము. నోటుబుక్కులో ఇప్పుడు రెండు పద్దులు ఉన్నవి. బోటు, బస, భోజనము, బట్టలు ఒక పద్దు. అక్కడ ఎంత కోసినా అభ్యంతరము లేదు. రెగ్యులేటరు, గేజి, సిలిండరు పరీక్ష, డాక్టరు, గైడు మరొక పద్దు. దానికి డబ్బు చాలని నెల మేము నీటిలో దిగము.

ఇక్కడకు బదిలీపై రానున్న సహోద్యోగులకు ఒక మాట. డిసెంబరు నుండి మే మొదటి వారములోపు నీరు తేటగా ఉంటుంది. సెలవు మీద ఇంటికి బయలుదేరే ముందు చివరి సాయంత్రము ఒకసారి దిగుదామని తోస్తుంది, వద్దు. వరుస డైవింగుల తరువాత కనీసము 18 గంటలు విమానము ఎక్కరాదు. మా అకౌంట్స్ మిత్రుల సలహా, ఓడ ఎక్కండి, ఆ బెంగా ఉండదు, డబ్బూ మిగులుతుంది.